ముందు నవ్వు, తరవాత పేరు

పిన్నిగారూ, ఆ కొబ్బరాకులు తరవాత ఏరుకోవచ్చు గానీ ఒక్క నిమిషం గోడ దగ్గరికి రండి. ఆదివారం తెల్లారేసరికల్లా మా ఇంట్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి, చుట్టాలెవరైనా వచ్చారా అని మా పనమ్మాయిని అడిగారట కదా. చుట్టాలెవరూ రాలేదండీ, బారిష్టర్ పార్వతీశం వచ్చాడు. మన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశమే. కంప్యూటర్ ముందు కూచుని పిల్లలకి ఆ నవల చెబుతున్నాను.

పిల్లలెవరంటారా? డల్లాస్‌లో కొందరు, న్యూజెర్సీలో కొందరు, హైదరాబాదులో ఇద్దరు, మన తణుకు నుంచి ఒకడు. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివేవాళ్లు. మనకి ఆదివారం పొద్దున్న ఆరున్నర అయితే డల్లాస్‌లో శనివారం రాత్రి ఎనిమిది, న్యూజెర్సీలో తొమ్మిది. నవంబరులో వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు, మార్చిలో మళ్లీ ముందుకి తిప్పుకుంటారు. మనం మాత్రం ఏడాది పొడుగునా అదే ఆరున్నర. రాత్రి భోంచేసి నిద్రకి జోగుతున్న పిల్లలూ, పొద్దున్నే మొహం కడుక్కుని పాలగ్లాసు పట్టుకున్న పిల్లలూ ఒకే పేజీ తీసి కూచుంటారు. అది చూస్తే నాకెంత ముచ్చటో!

“నవలని కంప్యూటర్లో చెబితే బుర్రకెక్కుతుందా అమ్మాయ్? లెక్కలంటే సరేలే, కథకి ఎదురుగా మనిషి ఉండద్దూ?” అంటారు మీరు. సరైన ప్రశ్నే. 2020లో బళ్లు మూతపడ్డప్పుడు అందరికీ ఇదే భయం. ఆ సెప్టెంబరు ఒకటిన తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలుపెట్టారు. ఫోన్లు లేని ఇళ్లకి అదే పెద్ద ఆసరా, ఆ పని చేసినవాళ్లకి దణ్ణం పెట్టాలి. కాకపోతే టీవీ తను చెప్పేది చెప్పుకుంటూ పోతుందే గానీ పిల్లాడి మాట వినదు. వ్యాకరణ సూత్రమో, చరిత్రలో తేదీలో అయితే అలా చెప్పేయచ్చు. నవలకి అలా కుదరదు. చదివినవాడు నవ్వాలి, “అదేంటండీ, వాడలా ఎందుకు చేశాడు?” అని అడ్డు తగలాలి, పక్కవాడు ఇంకో మాట అనాలి. అలా అనే వీలున్న చోట పాఠం తెర మీద జరిగినా నడుస్తుంది. అందుకే నా క్లాసులో పన్నెండుమందికి మించి చేర్చుకోను.

పార్వతీశాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, మొదటి భాగం అచ్చయి సుమారు వందేళ్లయినా ఆ నవల ఈ పిల్లలకి బాగా దగ్గరైనది. మొగల్తూరు కుర్రాడొకడు బారిష్టరీ చదవాలని సీమకి బయల్దేరతాడు. మద్రాసు వెళ్లి, కొలంబో మీదుగా ఓడలో ఫ్రాన్సు దాకా పోయి, ఇంగ్లండు చేరి, చివరికి ఎడింబరో వెళతాడు. దారిపొడుగునా అన్నీ కొత్తే, అన్నీ తికమకే. క్లాసులో మ్యాపు తెర మీద పెట్టి ఆ దారంతా గీయించాను. ఒకప్పుడు ఓడలో అన్ని రోజులు పట్టేదా అని వాళ్లకి ఆశ్చర్యం. అమెరికాలో పుట్టిన పిల్ల మొగల్తూరెక్కడో వెతుక్కుంది, తణుకువాడు ఎడింబరో వెతుక్కున్నాడు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. తెలుగు పాఠంలో అలంకారాలు ఎలా నేర్చుకున్నామో మీకూ గుర్తుండే ఉంటుంది. లక్షణం, ఉదాహరణ, సమన్వయం. ఉపమ అనగానే ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగూ గడగడా చెప్పేయాలి. ఇప్పటికీ పరీక్షల్లో అంతే. ఆ పద్ధతిని నేను తక్కువ చెయ్యను, మన వాళ్లు అంత నిక్కచ్చిగా విడదీసి చూపించడం గొప్ప విషయమే. చిక్కల్లా ఎక్కడంటే, పిల్లాడికి లక్షణం ముందొస్తుంది, అనుభవం ఎప్పటికీ రాదు. అతిశయోక్తికి నిర్వచనం అప్పచెప్పిన పిల్లాడు, అమ్మ “నీకోసం వెయ్యిసార్లు పిలిచాను” అన్నప్పుడు అది కూడా అతిశయోక్తేనని గమనించడు. పైగా అలంకారమంటే పద్యంలోనే ఉంటుందనుకుంటాడు. వచనం నిండా, నవల నిండా ఉంటుందని చెప్పేవాళ్లేరీ?

అందుకని నా క్లాసుకి ఒకే నియమం పెట్టుకున్నాను. ఏ శిల్పానికైనా పేరు చివర్న చెప్పాలి. ముందు చదవాలి, నవ్వొస్తే నవ్వాలి, భయమేస్తే భయపడాలి, జాలేస్తే జాలిపడాలి, ఎందుకలా అనిపించిందో వెతకాలి. అదంతా అయ్యాక, ఇదిగో దీనికి మన పెద్దలు పెట్టిన పేరు ఇదీ అనాలి. పులుసు రుచి చూశాకే కదండీ పోపులో ఏమేసుంటారని అడుగుతాం!

టోపీ సంగతి చెబుతాను వినండి. పార్వతీశం మద్రాసులో దొరల వేషం కోసం టోపీ కొంటాడు కదా, అది దొరసానులు పెట్టుకునే టోపీ. ఆ సంగతి ఆయనకి తెలీదు. కథ చెబుతున్నది ఆయనే, “నేను” అంటూ. కాబట్టి ఇది ఆడవాళ్ల టోపీ అని ఆయన మనకి చెప్పలేడు. అయినా మనకి తెలిసిపోతుంది. ఎలా తెలిసింది? రచయిత ఎక్కడా చెవిలో చెప్పలేదే! అక్కడుంది చమత్కారమంతా.

ఆ ఘట్టం మొదలుపెట్టేముందు పిల్లలకి ఒక్కటే చెప్పాను. “పార్వతీశానికి తెలీనిది మీకు తెలిసిందని అనిపించిన క్షణాన చాట్‌లో ‘తెలిసింది’ అని రాయండి. ఏం తెలిసిందో మాత్రం రాయకండి.” చదువుతుంటే ఒకటొకటే పడటం మొదలెట్టాయి. ఒక పిల్లకి టోపీ వర్ణన దగ్గరే తెలిసిపోయింది. ఇంకొకడికి చుట్టూ ఉన్నవాళ్ల చూపుల దగ్గర తెలిసింది. ఇద్దరికి చాలాసేపటిదాకా తెలీలేదు. చాట్‌లో ప్రతి మాట పక్కనా టైము పడుతుంది కదా, తరవాత వెనక్కి వెళ్లి ఎవరికి ఏ వాక్యం దగ్గర వెలిగిందో చూశాం. “నువ్వు ఇక్కడే ఎలా పట్టుకున్నావు?” అని వాళ్లలో వాళ్లే అడుక్కున్నారు. ఆ వాక్యాలన్నీ గుర్తుపెట్టి చూస్తే రచయిత ఎంత ఒడుపుగా ఒక్కొక్క ఆనవాలూ వదిలి వెళ్లాడో కళ్లకి కట్టింది. పిన్నిగారూ, బల్లల మీద కూచోబెట్టి చెప్పిన క్లాసులో ఇది నాకెన్నడూ సాధ్యం కాలేదు. ముందు అర్థమైనవాడు పైకి నవ్వేస్తే, మిగతావాళ్లు వాణ్ణి చూసి నవ్వుతారు. ఇక్కడ మైకులు ఆపేసి ఉంటాయి కాబట్టి ఎవరికి వాళ్లు సొంతంగా కనుక్కుంటారు.

అప్పుడు పేర్లు చెప్పాను. “నేను” అని చెప్పడం ఉత్తమ పురుష కథనం. తను చూసింది తనకే సరిగ్గా అర్థం కాని ఇలాంటివాడు అమాయక కథకుడు. పాత్రకి తెలీనిది పాఠకుడికి తెలియడం నాటకీయ వ్యంగ్యం. పేరు వినగానే పిల్లలు “ఓ, దీనికి పేరుందా!” అన్నారు. వాళ్ల చేతికి దొరికినదానికి పెట్టిన పేరు కాబట్టి ఇంక మర్చిపోరు. వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారు ‘నవలాశిల్పం’ అని చక్కని పుస్తకం రాశారు. నవల ఎలా కట్టుకొస్తారో తెలుసుకోవాలనుకునే టీచర్లు అది తప్పకుండా చదవాలి. నేను క్లాసుకి ముందు దాన్ని తిరగేస్తాను, క్లాసులో మాత్రం పైకి తీయను.

ఇంకో ముచ్చట. ఇదంతా ఇంగ్లీషు వాళ్ల దగ్గర నేర్చుకున్నదేనా అని న్యూజెర్సీ పిల్లొకతె అడిగింది. వాళ్ల బళ్లో ఇలాంటివన్నీ చెబుతారట. అప్పుడు ఆనందవర్ధనుడి మాట చెప్పాను. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో కూచుని ‘ధ్వన్యాలోకం’ రాస్తూ, పైకి చెప్పే అర్థం వేరు, లోపల ధ్వనించే అర్థం వేరు అన్నాడాయన. అందుకు ఇచ్చిన ఉదాహరణ ఎక్కడిదో తెలుసాండీ? శాతవాహనుల నాటి హాలుడి గాథల్లోది, అదీ మన గోదావరి ఒడ్డుది! ఏటి ఒడ్డున పొదల్లో పూలు కోసుకోవడానికి రోజూ ఒక భక్తుడు వస్తుంటాడు. ఆయన అటు రావడం ఒకావిడకి ఇష్టం లేదు. “ఇంక నిర్భయంగా తిరగండి స్వామీ, మిమ్మల్ని బెదిరించే ఆ కుక్కని పొదల్లో ఉండే సింహం చంపేసింది” అనే అర్థం వచ్చేట్టు చెబుతుంది. పైకి చూస్తే రమ్మంటోంది. కుక్కకే భయపడేవాడు సింహముందంటే వస్తాడా? పిల్లలు పగలబడి నవ్వారు. పార్వతీశం తన టోపీ గురించి గొప్పగా చెప్పుకోవడంలోనూ పని చేసేది ఇదేనని నేను చెప్పక్కర్లేకపోయింది, వాళ్లే పోల్చుకున్నారు. పైకి చెప్పేది వాచ్యం, లోపల ధ్వనించేది వ్యంగ్యం అనే రెండు మాటలూ ఆ రోజు నోట్సులోకి ఎక్కాయి.

ఈ తెర మీది క్లాసుకి దాని మర్యాదలు దానికుంటాయండీ. అందరూ కలిసి ఒక్క గొంతుతో చదవడం ఇక్కడ కుదరదు. ఒకరి గొంతు ఇంకొకరికి చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది, అంతా గందరగోళం. అందుకే గొలుసుగా చదివిస్తాను. ఒకరు ఒక పేరా చదివి, తరవాతివాళ్ల పేరు పిలిచి ఆపుతారు. ఎవరి పేరొస్తుందో తెలీదు కాబట్టి అందరి వేలూ పేజీ మీదే ఉంటుంది. కెమెరా పెట్టి తీరాలని పట్టుపట్టను. కొందరి ఇళ్లలో విడిగా గది ఉండదు, కొందరికి సిగ్నలు చాలదు. తణుకు కుర్రాడు వీడియో తీసేసి గొంతుతోనే వస్తాడు, వాడే అందరికంటే బాగా చదువుతాడు. జూమ్ ఉచితంగా వాడుకుంటే 40 నిమిషాలకి ఆగిపోతుంది. నేను దాన్నే క్లాసు కొలతగా పెట్టుకున్నాను. పాతిక నిమిషాలు చదవడం, పదిహేను నిమిషాలు మాట్లాడుకోవడం. అచ్చు పుస్తకమే కొనుక్కోమంటాను. ఒకే తెరలో పాఠమూ పుస్తకమూ రెండూ ఉంటే కళ్లు అటూ ఇటూ పరిగెడతాయి. చేతిలో పుస్తకముంటే పెన్సిలుతో గీతలు పెట్టుకోవచ్చు కూడా.

వారానికోసారే అయితే పిల్లలు కథ మర్చిపోరా అన్నారు మీరు మొన్న. మీరు వారపత్రికల్లో సీరియళ్లు చదివిన మనిషి, మీకు తెలీనిదేముంది! బుధవారం పత్రిక వస్తే వంటింట్లోకి కూడా పట్టుకెళ్లేదాన్నని మీరే చెప్పారు. అసలు మన నవల పుట్టిందే అలా. కందుకూరి వీరేశలింగంగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో విడతలు విడతలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది. డాక్టర్ పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’ కూడా ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చిందే. వారం వారం ఆగడమనేది నవలకి కొత్తేం కాదు. ఎక్కడ ఆపితే చదివేవాడి ప్రాణం కొట్టుకుంటుందో చూసి ఆపడం కూడా ఒక శిల్పమే. ఆ ఆపే పని నేను పిల్లలకే అప్పగించాను. “వచ్చేవారం దాకా ఎక్కడ ఆపుదాం, ఎందుకు?” అని అడుగుతాను. వాదించుకుంటారు. ఉత్కంఠ అనే మాట ఆ వాదనలోంచే వస్తుంది.

ఇంక రాతపని. టోపీ ఘట్టాన్నే టోపీ అమ్మిన దుకాణదారు చెబుతున్నట్టు రాసుకు రమ్మన్నాను. ఒకే సంఘటన, చూసే కన్ను మారింది. హైదరాబాదు పిల్లాడొకడి దుకాణదారు బలే టక్కరి. ఎవరికైనా ఏదో ఒకటి అంటగడితే చాలనుకునే మనిషి. డల్లాస్ పిల్ల దుకాణదారు అలా కాదు. ఇంటి దగ్గర ఉన్న ఆవిడ కోసం కొంటున్నాడనుకుని, ఎంత ప్రేమో అని మురిసిపోయాడు! రెండూ చదివి వినిపించాక, దృష్టికోణం అంటే ఏమిటో ఇంకెవరికీ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. అలాగే పార్వతీశం ప్రయాణానికి సామాను సర్దుకునే చోట, మీరైతే ఏం పట్టుకెళతారో రాయమన్నాను. ఒకళ్లు ఫోన్ చార్జర్ ముందు రాశారు, ఒకళ్లు అమ్మమ్మ పెట్టిన ఆవకాయ ముందు రాశారు. జాబితా చూసి మనిషిని పట్టుకోవచ్చని, పాత్రచిత్రణ అంటే మంచివాడు, చెడ్డవాడు అని రాయడం కాదని తెలిసింది.

వీటన్నిటికంటే నా మనసుకి హత్తుకున్నది ఇంకోటుంది. మీ నాన్ననో తాతనో మొదటిసారి ఊరు దాటిన ప్రయాణం గురించి అడిగి, ఆయనే చెబుతున్నట్టు “నేను” అని రాయండి అన్నాను. ఇది నవ్వొచ్చే చోటు, ఇది ఏడుపొచ్చే చోటు అని మీరు చెప్పకూడదు, పార్వతీశంలా జరిగింది చెప్పుకుంటూ పోవాలి అన్నాను. ఏం రాశారనుకున్నారు! ఒక పిల్ల తండ్రి మొదటిసారి అమెరికాలో దిగినప్పుడు తనంతట తనే నీళ్లు వదిలే కుళాయి ముందు చెయ్యి పెట్టడం తెలీక ఎంతసేపు నిలబడ్డాడో రాసింది. ఒకడు, తాత మన పల్లెటూరి నుంచి హైదరాబాదు కూలికి వెళ్లిన రాత్రి బస్సు గురించి రాశాడు. అది చదువుతుంటే వాడి గొంతు మారింది. వెనకాల ఎవరో పెద్దాయన దగ్గడం వినిపించింది. తాతగారు పక్కనే కూచుని వింటున్నారట. మామూలు బళ్లో పాఠం చెబితే తాత ఎక్కడొస్తాడు పిన్నిగారూ? ఇక్కడ పాఠం ఇంటి నట్టింట్లో జరుగుతుంది కాబట్టి ఇల్లంతా వింటుంది.

ఆ వారం నుంచి పిల్లలు పార్వతీశాన్ని చూసి నవ్వే తీరు మారింది. అంతకుముందు వాణ్ణి చూసి నవ్వేవాళ్లు, ఇప్పుడు వాడితో కలిసి నవ్వుతున్నారు. తెలీని లోకంలోకి ఒంటరిగా వెళ్లిన ధైర్యం వాళ్లకి కనపడింది. నవల కూడా అటే నడుస్తుంది కదా. మూడో భాగానికొచ్చేసరికి అదే పార్వతీశం చదువు ముగించుకుని తిరిగొచ్చి, స్వాతంత్ర్యోద్యమం గాలి తగిలి మరో మనిషవుతాడు. మొదట్లో నవ్వించినవాడే తరవాత మనకి గౌరవనీయుడవుతాడు. ఆ మార్పుని పట్టుకోవాలంటే మొత్తం నవల చదవాలి. ఒక టోపీ ముక్కో, ఒక ఓడ ముక్కో పాఠ్యపుస్తకంలో పెట్టి, కింద ఐదు ప్రశ్నలిస్తే దొరకదు. పిల్లల చేత ఏడాదికి ఒక్క నవలైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివించాలని నేను అందరికీ చెబుతున్నది ఇందుకే.

పార్వతీశం అయ్యాక పెద్ద పిల్లలతో నవీన్‌గారి ‘అంపశయ్య’ చదువుదామనుకుంటున్నాను. 1969లో వచ్చింది, ఆ పుస్తకమే ఆయన ఇంటిపేరైపోయింది. ఉస్మానియా యూనివర్సిటీలో చదివే రవి అనే కుర్రాడి జీవితంలో ఒక్క రోజు, అంతే కథ. మనసులో ఆలోచన ఎటు పోతే కథ అటు పోతుంది. చైతన్య స్రవంతి అంటారు దాన్ని. దానికీ ఇదే పద్ధతి. ముందు పిల్లలు రెండు నిమిషాలు కళ్లు మూసుకుని, తర్వాత తలలో తిరిగినవన్నీ వరసగా, దిద్దకుండా రాస్తారు. అప్పుడు రవి దగ్గరికి వెళతాం. పేరు ఎప్పుడో చివర్న చెబుతాను. ఆ నవలలో డబ్బు లేని విద్యార్థి దిగులు, పరీక్షల భయం, కులాల కుళ్లు అన్నీ ఉన్నాయి. ఇవాళ హాస్టళ్లలో ఉన్న పిల్లలకి అవి చాలా అవసరం.

ఇంత చెప్పింది మీతో ఒక పనుండి. మీ పుట్టిల్లు మొగల్తూరు పక్కనే కదా. మా పిల్లలకి అక్షరాలొచ్చు, అర్థాలొచ్చు, పార్వతీశం మాట మాత్రం రాదు. ఆ దీర్ఘాలు, ఆ సాగతీత, ఎక్కడ గొంతు లేపి ఎక్కడ దించుతారో అది అచ్చులో ఉండదు, మీ నోట్లో ఉంది. ఆ గొంతుతో వింటేనే హాస్యం ఎక్కడ పుట్టిందో చెవికి తెలుస్తుంది. నా గొంతుతో కుదరదు, నేను విజయనగరం దాన్ని. పుస్తకం ఇదిగో, గోడ మీంచి అందుకోండి. కళ్లజోడు పెట్టుకుని మొదటి ప్రకరణం రెండుసార్లు పైకి చదివి చూసుకోండి. కంప్యూటరు సంగతి నేను చూసుకుంటాను, మీరు మాట్లాడితే చాలు. ఈ ఆదివారం ఆరుంపావుకల్లా మా ఇంటికి వచ్చెయ్యండి, కాఫీ నేను పెడతాను. మొగల్తూరు గురించి పిల్లలు సవాలక్ష అడుగుతారు, అన్నిటికీ మీరే జవాబు చెప్పాలి.